ఒక ప్రేక్షకురాలి అభిప్రాయం

కిందటి వారం మనం శ్రీవాణిని పటాన్‌చెరు సినిమా హాల్లో కూర్చోబెట్టి వదిలేశాం. పక్క సీట్లో ఆమె మొగుడు నిఖిలేష్. తెర మీద ఇంకో మొగుడు. తెర మీది మొగుడు పెళ్లాం పెట్టిన వస్తువులు ఒక్కొక్కటే జరిపేస్తూ, ఆమె వేసిన లైట్లు ఆర్పేస్తూ, నీకు మతి పోతోందని ఆమెనే నమ్మిస్తున్నాడు. సీట్లో ఉన్న మొగుడేమో శ్రీవాణి చేయి పట్టుకుని, "భయమైతే కండ్లు మూసుకో వాణీ" అని చెవిలో చెప్తున్నాడు. ఎంత మంచివాడో చూడండి.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. శ్రీవాణికి ముప్పై అయిదేళ్లు. సంగారెడ్డి పాత బజారులో మక్కలు, కందులు కొనే దుకాణం, ఆ దుకాణం పైనే ఇల్లు. ఇస్నాపూర్ అవతల మందుల ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీలో, పరీక్షల ల్యాబులో తొమ్మిదేళ్లుగా ఉద్యోగం. శ్రీవాణి రాసిందంటే అది జరిగిందన్నట్టే అని ఆ ల్యాబులో పేరు. మొగుడు దుకాణం చూసుకుంటూనే అదే ఫ్యాక్టరీకి కొండాపూర్ మండలం ఊళ్ల నుంచి కూలీలను పంపే కాంట్రాక్టు కూడా నడుపుతాడు. అట్లా పంపినవాళ్లలో ఒకడు బాలప్ప. మూడు నెలల కింద ఒక ట్యాంకు కడగడానికి లోపలికి దిగి, ఊపిరాడక చచ్చిపోయాడు. శవాన్ని ఊరికి తీసుకుపోయి, అతని భార్య బీరమ్మ ముందు నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చింది నిఖిలేషే.

ఆ రోజు పొద్దున ట్యాంకు కడిగిన నీళ్లను పరీక్ష చేసింది శ్రీవాణి. నీళ్లలో ఇంకా సాల్వెంట్ ఉంది, దాని ఆవిరికి ఊపిరాడదు, మనిషిని దించొద్దు అని కాగితం రాసి పంపింది. అలాంటి కాగితమే రాలేదని కంపెనీ అంటోంది. రేపు సోమవారం ఎంక్వైరీ. శ్రీవాణి పోయి నేను రాశాను అని చెప్పాలి. బీరమ్మకు ఉన్నది ఆ ఒక్క నోటి మాటే.

అయితే రెండు నెలలుగా శ్రీవాణి అన్నీ మర్చిపోతోంది. ఆపాననుకున్న స్టవ్ వెలుగుతూ ఉంటుంది. వేశాననుకున్న తలుపు బార్లా తీసి ఉంటుంది. మిద్దె మీద నల్లా పొంగి దుకాణం ముందు పోసిన మక్కలు తడిసిపోయిన రోజు బజారంతా నవ్వింది. ఇంట్లోవాళ్లు ఉద్యోగానికి సెలవు పెట్టించారు. గురువారం నుంచి ఫోన్ కూడా నిఖిలేష్ దగ్గరే ఉంది, డాక్టరు ఫోన్ వద్దన్నాడట. మెట్ల తలుపు తాళంచెవీ అతని జేబులోనే.

ఇక ఈ ఆదివారం సంగతికి వద్దాం.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర. కింద దుకాణం మూసి నిఖిలేష్ పైకి వచ్చాడు. అత్త సావిత్రమ్మ, కొడుకు పక్కన చాప మీద కూర్చుంది. శ్రీవాణి వడ్డిస్తోంది. పప్పుచారు, బెండకాయ వేపుడు. తినే ముందు నిఖిలేష్ ఫోన్ తీసి కంచం పక్కన పెట్టుకున్నాడు.

"మనం చూసిన సినిమా మీద ఎవరో రాసిండ్రు వాణీ. ఫేస్‌బుక్‌ల సినిమా గ్రూపు లేదా, అండ్ల. హైమావతట పేరు. మూడు వేల మంది లైకు కొట్టిండ్రు. చదువుతా, వింటరా?"

శ్రీవాణి చేతిలో గరిటె ఆగలేదు. ఆగకుండా చూసుకుంది. హైమావతి ఆమెకు ఏడో తరగతిలో లెక్కలు చెప్పిన టీచరు పేరు. పోయిన సోమవారం మధ్యాహ్నం, ఇంట్లో అందరూ కునుకు తీస్తున్నప్పుడు, ఆ పేరు పెట్టుకుని ఆ నాలుగు మాటలూ రాసింది తనే. గురువారం ఫోన్ ఇచ్చే ముందు అందులో హైమావతి ఆనవాలు లేకుండా తుడిచేసింది. తుడిచేసిందా? తుడిచేసింది. ఖాయంగా తుడిచేసింది. ఖాయమేనా అని మనసు మళ్లీ అడిగింది. ఈ రెండు నెలల్లో ఆమెకు అంటుకున్న రోగం ఇదే.

"సదువు బిడ్డా" అంది సావిత్రమ్మ.

నిఖిలేష్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. బాగా చదువుతాడు. స్కూల్లో ప్రతిజ్ఞ చెప్పించింది ఇతనితోనే.

"'ఈ సినిమా బాగుందని అందరూ అంటున్నారు. నాకు సగమే బాగుంది. ఇందులో భర్త పాపం చాలా కష్టపడతాడు. గోడలో స్పీకర్లు బిగిస్తాడు, అద్దం వెనక మనిషిని నిలబెడతాడు. డైరెక్టరు గారూ, అంత శ్రమ ఎందుకండీ? ఒక ఆడమనిషికి మతి పోయిందని నమ్మించడానికి స్పీకర్లు అక్కర్లేదు. ఆమె ఆపిన స్టవ్‌ను మళ్లీ వెలిగించి, పోనీలే, అలసిపోయావు అని ఇంట్లోవాళ్లు ప్రేమగా అంటే చాలు. రెండు నెలల్లో డాక్టరు నంబరు ఆమే అడుగుతుంది.'"

సావిత్రమ్మ కలిపిన ముద్ద నోటి దాకా పోలేదు. మళ్లీ కంచంలో పెట్టి ఇంకోసారి కలిపింది.

"'హీరోయిన్ బాగా అరిచింది. గిన్నెలు కూడా పగలగొట్టింది. నటన బాగుంది కానీ నిజం కాదు. అలాంటి ఇంట్లో ఉన్న మనిషి అరవదు. సారీ అంటుంది. పొద్దున లేచింది మొదలు సారీ అంటూనే ఉంటుంది. ఆమెకు సినిమాలోలాగా పోలీసు స్నేహితుడు కూడా ఉండడు. మహా అయితే ఒక నోటుబుక్కు ఉంటుంది, ఏ పని ఎన్నింటికి చేసిందో రాసుకోవడానికి. ఇక హీరోయిన్ చేసిన పెద్ద తప్పు ఒకటుంది. తనకు అంతా తెలిసిపోయిందని వెళ్లి మొగుడికే చెప్తుంది. అప్పుడు సీట్లోంచి లేచి, చెప్పకమ్మా అని అరవాలనిపించింది.'"

నిఖిలేష్ ఆగి మంచినీళ్లు తాగాడు. గ్లాసు దించి, ఏ తొందరా లేకుండా వేలితో తెర పైకి జరిపాడు.

"'చివర్లో భర్త ఇదంతా ఆస్తి కోసం చేశానంటాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. కారణం తెలియనంతవరకే ఆ సినిమా భయపెట్టింది. నేను ఎక్కువ భయపడ్డది మాత్రం ఇంటర్వెల్‌లో. లైట్లు వేసేసరికి పక్కనున్న మనిషి మొహం చూడాల్సి వచ్చింది. అయిదుకు రెండున్నర మార్కులు.' అయిపోయింది. ఎట్లున్నది?"

 కింద బజారులో ఎవరో స్కూటరు కిక్కు కొట్టి కొట్టి విసిగిపోతున్నారు.

"నువ్వేమంటవ్ వాణీ? నువ్వు గూడ చూసినవ్ కదా."

ఇరుకున పడింది శ్రీవాణి. బాగుందంటే ఒక చిక్కు. బాగాలేదంటే ఇంకో చిక్కు. తను రాసిన మాటలను తనే తూకం వేయాలి, అదీ మొగుడి ముందు నిలబడి, చేతిలో పప్పుచారు గిన్నెతో.

"ఎక్కువ రాసింది" అంది. "సినిమాను సినిమా లెక్క చూడాలె. ఇంట్ల వాళ్లను అనుమానించుకుంట చూస్తే ఎట్ల?"

"నేనూ గదే అనుకున్న." నిఖిలేష్ నవ్వాడు. "పాపం, ఆ హైమావతి మొగుడెవడో. ఇంటర్వెల్‌ల సమోసా తెచ్చిచ్చి ఉంటడు. ఆమెనేమో వాని మొఖం చూసి భయపడ్డదట."

ఇంటర్వెల్‌లో నిఖిలేష్ తెచ్చింది సమోసాలే. శ్రీవాణి వేపుడు గిన్నె అందుకుంది. వేపుడు ఇంకొంచెం వేయనా అని అడిగింది. వేయమన్నాడు. వేసింది. ఒక్క ముక్కా చాప మీద పడలేదు, అదొక్కటే సంతోషం.

"ఒక్క ముచ్చట మాత్రం నాకు అర్థం కాలె. గీ నోటుబుక్కు ఏంది? ఎవరన్న గిట్ల రాసుకుంటరా, స్టవ్ ఆపిన, తలుపేసిన అని?"

"ఏమో. నాకేం తెలుసు."

నిఖిలేష్ ఎడమ చేయి వెనక్కి పెట్టి, గోడకు ఆనించిన దుకాణం సంచిలోంచి ఒక పుస్తకం తీశాడు. నీలం అట్ట, నూరు పేజీలు. తొక్కు జాడీల వెనక, పాత క్యాలెండరులో చుట్టి శ్రీవాణి దాచిన పుస్తకం. చాప మీద, కంచానికి తగలకుండా జాగ్రత్తగా పెట్టాడు.

శ్రీవాణి వడ్డన ఆపింది. గిన్నె కింద పెట్టేసింది.

"నేను తిట్టనీకి తియ్యలె వాణీ. కూసో. నువ్వు ఏం రాసుకున్నా నాకు కోపం లేదు, సినిమా మీద గానీ, నా మీద గానీ. కానీ శుక్రవారం రాసింది నువ్వే ఒకసారి చదువు. నేను చదివి పొద్దుగాల నించి ముద్ద మింగలేకపోతున్న."

ముద్ద మింగలేనివాడు రెండోసారి వేపుడు వేయించుకున్నాడన్న సంగతి మీకూ నాకూ కనిపిస్తోంది. శ్రీవాణికి ఆ క్షణాన అదేం కనిపించలేదు. ఆమె కళ్లు పేజీ మీదే ఉన్నాయి.

శుక్రవారం. మధ్యాహ్నం 2.10, స్టవ్ ఆపాను. పక్కన శ్రీ అని పొట్టి సంతకం. అది ఆమెకు గుర్తుంది. ఆపి, మీట మీద చేయి పెట్టి మళ్లీ చూసుకుని మరీ రాసింది. దాని కింద ఇంకో రెండు వరుసలున్నాయి.

2.40, స్టవ్ వెలుగుతోంది. నేనే వెలిగించాను. ఎందుకో తెలియదు. ముందు రాసినవన్నీ అబద్ధం. నా చేయి నా మాట వినడం లేదు.

అవి కూడా ఆమె అక్షరాలే. కుడివైపు వాలిన తలకట్టు, తోక సాగదీసిన 'వ', పొడుగు కొమ్ము. పరాయివాళ్ల చేతిరాత అని అనడానికి ఎక్కడా సందు లేదు. రాసినట్టు గుర్తుందా? లేదు. లేకపోవడమే కదా అసలు రోగం.

భయం అనే మాట చాలదు అప్పుడు ఆమెకు కలిగినదానికి. ఇన్నాళ్లూ ఇల్లంతా ఒకటే మాట అన్నా, బజారంతా నవ్వినా, ఈ పుస్తకం ఉంది కదా అని రోజుకొకసారి తొక్కు జాడీలు జరిపి చూసుకుని ఊపిరి పీల్చుకునేది. ఇప్పుడు ఆ పుస్తకమే ఎదురు తిరిగింది. తలుపులు లేని గదిలో నిలబడి ఉన్నట్టు, ఆ గది తన తలలోనే ఉన్నట్టు అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పు నీది కాదు" అన్నాడు నిఖిలేష్, గొంతు తగ్గించి. "ముత్తంగి దగ్గర మంచి ఆసుపత్రి ఉన్నది. పది రోజులు. నాలుగింటికి కారొస్తది. నీ ఇష్టంతోనే పోతున్నవని ఒక కాగితం మీద సంతకం పెట్టాలె, అంతే. రేపటి ఎంక్వైరీకి నేను ఫోన్ చేసి చెప్త, ఆమెకు పానం బాగలేదని. గీ హాలత్‌ల నువ్వు పోయి ఏం చెప్తవ్, చెప్పు? రేపు వాళ్లు గీ పుస్తకం అడిగితే ఏం చూపిస్తవ్?"

ఆ మాట మీద ఆమె మళ్లీ పేజీ వైపు చూసింది. నిజంగానే, అడిగితే ఏం చూపిస్తుంది? రెండో వరుస మొదట్లో 2.40 అని ఉంది కదా. ఆ నాలుగు కొంచెం లావుగా ఉంది. కళ్లు తుడుచుకుని చూసింది. లోపల ఇంకో అంకె ఉంది. ముందు 2.10 అని రాసి, ఒకటి మీద పెన్ను దిద్ది నాలుగు చేశారు.

ఇక్కడ ఒక్క నిమిషం మనం ల్యాబు లోపలికి పోయి రావాలి. ఆ పనిలో చేరిన మొదటి రోజున, తెల్లకోటు ఇంకా మడతలు విప్పకముందే, నేర్పే సంగతి ఒకటుంది. రాసిన అంకె మీద అంకె దిద్దకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒకటే గీత కొట్టాలి, కింద ఉన్న తప్పు కనబడేటట్టు. పక్కన సరైనది రాసి, సంతకం చేసి, తారీఖు వేయాలి. దిద్దారా, ఆ రోజు చేసిన పరీక్ష మొత్తం చెత్తబుట్టలోకే. కొత్తలో ఒక పిల్ల మూడును ఎనిమిది చేసినందుకు సూపర్‌వైజరు ముందు గంటసేపు ఏడ్చింది. ఏడాది తిరిగేసరికి అది అలవాటు కాదు, ఒంట్లో చేరిపోతుంది. శ్రీవాణి కూరగాయల చీటీలో కూడా కిలోను అరకిలో చేస్తే గీత కొట్టి సంతకం పెడుతుంది. పెళ్లికి పిలవాల్సినవాళ్ల పేర్లు రాసేటప్పుడు అట్లాగే చేసిందని నిఖిలేష్ చుట్టాలందరికీ చెప్పి నవ్వాడు. దుకాణంలో మాత్రం దిద్దడం ఎవరికీ తప్పు కాదు. రెండును మూడు చేస్తారు, మూడును అయిదు చేస్తారు, ఇంకా లావుగా దిద్దితే ఇంకా బాగా కనబడుతుందంటారు.

మతి పోయిన మనిషి చాలా చేయవచ్చు. స్టవ్ వెలిగించవచ్చు, వెలిగించింది మర్చిపోవచ్చు. కానీ తొమ్మిదేళ్ల చేయి నిద్రలో రాసినా గీతే కొడుతుంది గానీ దిద్దదు. ఈ పేజీ తను రాయలేదు.

తను రాయలేదు!

ఎంత ఆనందమంటే, నవ్వు వచ్చేసింది. ఆ నవ్వును ఆపడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. చూసేవాళ్లకు ఏడుస్తున్నట్టే ఉంది. నాకు పిచ్చి లేదు, నాకు పిచ్చి లేదు అని లోపల ఎవరో పరుగెత్తుతున్నారు. రెండు నెలల తర్వాత ఆమె తలలో ఆమె ఒక్కతే ఉంది.

ఆ వెనకే ఇంకోటి వచ్చింది. తను రాయకపోతే రాసిందెవరు? ఈ ఇంట్లో ఉన్నది ముగ్గురు. స్టవ్ వెలిగించిందెవరు? మిద్దె మీద నల్లా విప్పిందెవరు? మూడు నెలల కింద బాలప్ప పోయాడు. రెండు నెలల కింద ఎంక్వైరీ వేస్తున్నారని కాగితం వచ్చింది. ఆ వారంలోనే మొదటిసారి కుక్కర్ మాడింది. రేపు ఎంక్వైరీ, ఇవాళ ఆసుపత్రి. సినిమా చూసినప్పుడు దొరకని కారణం ఇప్పుడు చాప మీద కూర్చుని మజ్జిగ అడుగుతోంది.

మజ్జిగ పోసింది.

బయటపెడితే? ఇదిగో చూడు, దిద్దావు అంటే? ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆ పేజీ చిరుగుతుంది. మెట్ల తలుపుకు తాళం ఉంది, ఫోన్ లేదు. కిందికి అరిస్తే బజారంతా వచ్చి చూస్తుంది, చూసి అయ్యో అంటుంది, అరిచే మనిషిని కారెక్కించడానికి తలా ఒక చేయి వేస్తుంది. పిచ్చి ఉన్నదనుకున్నప్పుడు ఈ ఇల్లు ఆసుపత్రిలా ఉండేది. లేదని తెలిశాక జైలయింది.

"సారీ" అంది శ్రీవాణి. "మీకు మస్తు తకలీఫ్ ఇస్తున్న."

"అట్లనకు."

"సంతకం పెడ్త. ముందుగాల గిన్నెలు కడిగేసి వస్త. మళ్ల పది రోజులు అత్తమ్మ ఒక్కతే చేసుకోవాలె కదా."

నిఖిలేష్ ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. సరే అన్నట్టు తలాడించి, పుస్తకాన్ని తిరిగి సంచిలో పెట్టుకున్నాడు.

వంటింట్లో నల్లా విప్పి, చప్పుడు పెద్దగా వచ్చేటట్టు తిప్పింది. నీళ్ల కింద చేతులు పెట్టి నిలబడిపోయింది. వంటింటి కిటికీకి ఇనుప చువ్వలు. అవతల పక్కింటి గోడ, మూరెడు దూరంలో. గంటన్నరలో కారు వస్తుంది. ఎంత ఆలోచించినా ఆలోచన ఆ గోడ దాకా పోయి వెనక్కి వస్తోంది.

సావిత్రమ్మ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. కంచం తొట్టిలో పెట్టింది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"వాణీ. నవ్వినవ్ కదా."

శ్రీవాణి ఒక గిన్నె అందుకుని తోమసాగింది.

"వానికి తెల్వలె. నేను సూసిన. ఏడుపు గాదది." ముసలావిడ గొంతు నీళ్ల చప్పుడులో సరిగా వినబడటం లేదు. దగ్గరకు జరిగింది. "దొరికిందా నీకు? ఏడ తప్పు వోయిన్నో సెప్పు."

"ఏం తప్పు అత్తమ్మా?"

"రాసింది నేనే బిడ్డా."

పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది. సావిత్రమ్మ మూడో తరగతిలో బడి మానేసిన మనిషి. పెళ్లయిన రెండో ఏడు, కోడలు సాయంత్రం పూట పలక తెచ్చి అత్తకు మళ్లీ అక్షరాలు దిద్దించింది. అరవై దాటాక నేర్చుకున్న రాత, ఇంకో చేతిరాత చూసి ఎరుగదు. కోడలి తలకట్టే ఆమె తలకట్టు, కోడలి కొమ్మే ఆమె కొమ్ము. మొదటి పేజీ నిండా తప్పు లేకుండా రాసిన రోజు ఇద్దరూ కలిసి బూందీ లడ్డూ తిన్నారు.

శ్రీవాణి గిన్నె వదిలేసింది. తన చేయి తనకే ఎదురు తిరిగిందనుకుంది. తను అక్షరాలు నేర్పిన చేయి ఎదురు తిరిగింది.

"స్టవ్వు?" అంది.

"స్టవ్వు గూడ నేనే ముట్టించిన. నల్లా వాడు ఇడిసిండు. తలుపు ఒక్కపారి వాడు, ఒక్కపారి నేను." సావిత్రమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నన్ను తిట్టు, కొట్టు. నీ కాళ్లు మొక్కుత, పది దినాలు పొయ్యి పండుకో. అటెన్క మళ్ల ఎన్నడు గిట్ల జరగదు. నా మీద ఒట్టు."

"ఎందుకు అత్తమ్మా? నేనేం చేసిన?"

"నువ్వేం చెయ్యలె. నువ్వు రేపు నోరిప్పితే వాడు జైలుకు పోతడు."

"కాగితం పోగొట్టింది కంపెనీ వాళ్లు. ఈయన ఎందుకు పోతరు?"

సావిత్రమ్మ నల్లా ఇంకొంచెం తిప్పింది.

"నీ కాగితం పోలె బిడ్డా. బాలప్ప సూసిండు దాన్ని. సదువొచ్చినోడు కదా. సూసి దిగనన్నడు. దిగనని వీనికి ఫోన్ చేసిండు. నేను గీ వంటింట్లనే ఉన్న, వాడు ఆడ నిలవడి మాట్లాడుతున్నడు. లౌడ్ స్పీకర్ పెట్టిండు, వాని సేతులు పిండిల ఉన్నయని. పటేలా, మేడమ్ వద్దని రాసింది, నేను దిగ అన్నడు బాలప్ప. ఇయ్యాల దిగకుంటే రేపటి నించి గేటు లోపలికి రాకు అన్నడు నా కొడుకు. మేడమ్ నా పెండ్లామే, ఆమెకు నేను సెప్పుకుంట, నువ్వు దిగు అన్నడు."

తొట్టి నిండి నీళ్లు గట్టు మీదికి పొంగాయి. ఎవరూ నల్లా కట్టలేదు.

బీరమ్మ ముందు నిలబడి ఏడ్చిన మొహం గుర్తొచ్చింది శ్రీవాణికి. అది నటన కాదు. అతను నిజంగానే ఏడ్చాడు. అదే ఆమెకు ఒళ్లు జలదరించేలా చేసింది. తన కాగితం చేరింది. చేరాల్సినవాడికే చేరింది. తన పేరు చెప్పే బాలప్పను దించారు.

ఏడవడానికి టైము లేదు. రెండు తడి చేతులతో అత్త భుజాలు పట్టుకుంది.

"రేపు నాతోని రాండ్రి అత్తమ్మా. గదే మాట వాళ్ల ముందర చెప్పుండ్రి. నేను పిచ్చిదాన్నంటరు, నా మాట ఎవరు వినరు. మీ మాట వింటరు. బీరమ్మకు ఇద్దరు పిల్లలు."

"కడుపున పుట్టినోడు, వాణీ."

"బాలప్ప గూడ ఎవరికో ఒకరికి కడుపున పుట్టినోడే కదా."

సావిత్రమ్మ తొట్టి వైపు తిరిగింది. కళ్లు దించుకుంది. కింద వీధిలో కారు హారన్ మోగింది, రెండుసార్లు. నాలుగింటికి రావాల్సింది, ఇంకా మూడు కూడా కాలేదు.

వంటింటి తలుపు తెరుచుకుంది. నిఖిలేష్ చేతిలో కాగితం, పెన్ను. లోపలికి రాలేదు. గడపలోనే నిలబడ్డాడు. ముందు గట్టు మీద పొంగుతున్న నీళ్లను చూశాడు. వచ్చి నల్లా కట్టాడు. చప్పుడు ఆగిపోయేసరికి ముగ్గురి ఊపిరీ వినబడింది.

"కారు జల్దీ వచ్చింది" అన్నాడు. "ఏందమ్మా, ఏం మాట్లాడుకుంటున్నరు? బాలప్ప పేరు ఇనొచ్చింది."

శ్రీవాణి అత్త భుజాల మీంచి చేతులు తీసేసింది. ఇప్పుడు ఈ ముసలావిడ ఒక్క మాటంటే అయిపోయింది. దీనికి అంతా తెలిసిపోయింది బిడ్డా అంటే చాలు. రెండు నెలలుగా కొడుకు కోసం ఎంతకైనా దిగిన మనిషి, ఇప్పుడు మాత్రం ఎందుకు అనదు?

"అమ్మా. నిన్నే అడుగుతున్న. బాలప్ప గురించి ఏం చెప్తున్నవ్ దానికి?"

సావిత్రమ్మ కొడుకు వైపు చూసింది. తర్వాత కోడలి వైపు చూసింది. ఆమె పెదవులు రెండు మూడుసార్లు కదిలాయి.

"ఏమో బిడ్డా" అంది. "గుర్తు లేదు."

నిఖిలేష్ కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే బాగుండేది. తల్లి మొహంలోకి, నెమ్మదిగా, ఎంతో దయగా చూశాడు. రెండు నెలలుగా ఆ చూపు శ్రీవాణి ఒక్కతే భరించింది. చిలకకొయ్యకున్న తువ్వాలు తీసి తల్లి చేతులు రెండూ తడి లేకుండా తుడిచాడు.

"చెప్పులేసుకో అమ్మా" అన్నాడు. "కార్ల జాగ ఉన్నది. నువ్వు గూడ రా."